మంచినీళ్ళ బిందె

నేలలోంచి వచ్చే వేడినీళ్ళతో పంట ఆరబెట్టే రేగుపల్లి కొట్టంలో మిరపకాయలు గలగలా ఎండుతున్నాయి. బయట వదలని ముసురు. పక్కనున్న చింతగూడెం నుంచి తడిసిన మిరప బస్తాలు తెచ్చిన రాంబాయి, ఆమె పెనిమిటి సత్తెయ్య వంతు కోసం కూర్చున్నారు. నేలలోని వేడితో ఇలాంటి కొట్టం నడవని ఊరు చుట్టుపక్కల వాళ్ళదొక్కటే.

"మన బోరు పొద్దుగాల పొగలు కక్కుతది కదనే, ఆ పరీక్షల వేడి ఎందుకు లేదన్నరో!" అన్నాడు సత్తెయ్య.

రాంబాయి తల దించుకుని బస్తా మూతి సర్దింది. ఆనాడు పరీక్షకు వచ్చిన పిల్ల, "బోరు నీళ్ళు ఓ సీసాడు పట్టియ్యమ్మా. అండ్ల కరిగినవాటిని బట్టి అడుగున వేడి తెలుస్తది" అంది. గంధకం కంపు కొట్టే ఆ నీళ్ళు ఇంటికొచ్చిన మనిషి చేతిలో పెట్టడానికి రాంబాయికి సిగ్గేసింది. మంచినీళ్ళ బిందెలోంచి నింపి ఇచ్చింది. ఒకసారి లేదన్న ఊరికి వాళ్ళు మళ్ళీ రాలేదు.

కొట్టం నడిపే ఈశ్వరమ్మ చెంబు అందించింది. "తాగు వదినె, బిందె నీళ్ళే. మా బోరు నీళ్ళు నోట్ల పెట్టలేం."

"మరి ఆ పరీక్ష పిల్లకు ఏ నీళ్ళిచ్చినవ్?"

"ఇవే ఇద్దామని లోపలికి పోయిన వదినె. ఆ రోజు బిందెల చుక్క లేదు."