మైనస్ గుర్తు

“మీట మీంచి చెయ్యి తియ్యి. ముందు నాకు సమాధానం చెప్పు,” అన్నాడు ఫిజిక్సు మాస్టారు.

ఆమె చెయ్యి తీసింది. కాలేజీలో ఆయన ఆమెకు పెట్టిన పేరు మైనస్. లెక్క చివరిదాకా బంగారంలా చేసి, మైనస్ గుర్తు మాత్రం దారిలో ఎక్కడో పారేసుకొచ్చేది. ఒకసారి ఆ ఒక్క గుర్తుకే సున్నా చుట్టి, పేపరు క్లాసంతా తిప్పి చూపించాడు. అలాంటి పిల్ల ఇవాళ లక్షా ఇరవై వేల వోల్టుల యంత్రం ముందు నిలబడింది. లోకం ఎంత ఉదారంగా తయారైందో!

“పైవాళ్ళంతా సరేనన్నారు సార్. మీ మాటొక్కటే మిగిలింది.”

“పైవాళ్ళకేం, నీ పేపర్లు దిద్దలేదుగా.”

కళ్ళజోడు ముక్కుకు ఆననివ్వకుండా రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, అందులోంచి ఆమెను చూశాడు. వైవాల్లో ఎందరినో ఏడిపించిన చూపు అది.

“ఆ గొట్టంలో ఎలక్ట్రాను ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుంది?”

“కాథోడ్ నుంచి ఆనోడ్‌కి సార్.”

“అంటే వోల్టేజి తక్కువున్న చోటునుంచి ఎక్కువున్న చోటుకి. ఎక్కుతోందన్నమాట. మరి ఎక్కేదానికి అంత పరుగెలా వస్తుందమ్మా? నీ మొహం చూసి వస్తుందా?”

వల వేశాడు. ఏటా పిల్లలు బారులు తీరి పడిన వల.

“దాని ఆవేశం మైనస్ కదా సార్. మనకి ఎక్కినట్టుంటుంది, దానికది దిగడమే. దిగినకొద్దీ స్థితిశక్తి తగ్గుతుంది, తగ్గిందంతా గతిశక్తి అవుతుంది. ఆనోడ్‌ని గుద్దేసరికి కాంతి వేగంలో సగం దాటుతుంది.”

ఆయనకు ఒళ్ళు మండింది. తప్పు చెప్పుంటే లేచి హాయిగా ఇంటికి పోయేవాడు.

“గుద్దాక?”

“చాలామటుకు వేడై పోతుంది. కొంచెమే ఎక్స్-రే కిరణాలవుతుంది. మనకి కావలసింది ఆ కొంచెమే.”

తలుపు కాస్త తెరుచుకుంది. వద్దన్నా వెంటబడి వచ్చిన ఆయన భార్య తల లోపలికి పెట్టింది. “ఏవండీ, ఇంకా ఆ పిల్లని వేపుకు తింటున్నారా? బయట జనం ఎదురుచూస్తున్నారు!”

“పరీక్ష జరుగుతుంటే బయటివాళ్ళు రాకూడదు,” అని కసిరాడు. తలుపు మూసుకుంది.

“ఎలక్ట్రానుకి స్థితిశక్తి అన్నిటికంటే ఎక్కువ ఎక్కడుంటుంది?” అడగడానికి ఇంకేమీ మిగలక అడిగిన ప్రశ్న.

“కాథోడ్ దగ్గరే సార్, ఇంకా కదలకముందు. అక్కడ కూర్చున్నంతసేపూ అంతా లోపలే దాచుకుంటుంది. బయల్దేరితే గానీ తేలికపడదు.”

“ఎవర్నంటున్నావు?”

“ఎలక్ట్రాన్నే సార్.”

ఆయన ఆమె సమాధానాలన్నీ మనసులో తిరగేసి మైనస్ గుర్తు కోసం వెతికాడు. ఎక్కడా పారేసుకోలేదు, పాపిష్టిది.

“పాసయ్యావు పో,” అని కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టి, ముక్కు మీది క్యాన్సరు పుండుకు ఆ కిరణాలు పెట్టించుకోవడానికి ఆయన యంత్రం కింది బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.