గవరయ్య దొర మీది రాళ్లు

వరహాలరావు రాస్తున్న పుస్తకానికి ఒక్క పేజీ తక్కువైంది. ముత్తాతగారి సమాధి ఎక్కడుందో తెలీదు.

ముత్తాతంటే అలాంటిలాంటి ముత్తాతా? గవరయ్య దొర! నూట పాతికేళ్ల కిందట భీమిలి రేవు నుంచి రంగూన్‌కీ లండన్‌కీ సరుకు ఓడలెక్కించిన వర్తకుడు. కొండల మీది పసుపూ చింతపండూ కిందికి దించి, బదులుగా ఉప్పిచ్చేవాడు. "కొండవాళ్లకు ఉప్పు తినిపించిన మహానుభావుడు" అని రాసుకున్నాడు వరహాలరావు. ఎన్ని బస్తాల పసుపుకి ఎంత ఉప్పిచ్చాడో మాత్రం రాయలేదు. భీమిలిలో ఒక సంసారం, రంగూన్‌లో ఒక సంసారం అని గొప్పగానే రాశాడు. మరి కొండల మీద ఎన్ని సంసారాలని ఎవరో అడిగితే, అవాకులూ చెవాకులూ పేలొద్దని కసిరాడు.

దొరగారు కొండజ్వరం తగిలి ఘాటీలోనే పోయారట. అక్కడే పాతేశారట. ఆ చోటు 1998లో దొరికింది. గూడెం కొత్తవీధి వెళ్లే దారి మలుపులో మనిషెత్తు రాళ్లకుప్ప. దారిన పోయే కొండవాళ్లు తలో రాయీ వేసి వెళ్తున్నారు.

"ఎవరిదిరా ఇది?"

"గవరయ్య దొరది బాబూ."

వరహాలరావుకి కళ్లు చెమర్చాయి. నోట్‌బుక్ తీశాడు. రాయి వేసి పక్కకి ఉమ్ముతున్నారు, దిష్టి తీయడం కాబోలు. ఆడపిల్లల తల్లులు పెద్ద రాళ్లే మోసుకొస్తున్నారు, సంతానం మొక్కు కాబోలు. అన్నీ రాసుకున్నాడు. పువ్వో పండో పెట్టొచ్చు కదా, రాళ్లతో పూజేమిటి, చదువూ సంధ్యా లేని జాతి, అని మనసులో ఈసడించుకున్నాడు.

కుప్ప తీయించి పాలరాతి మండపం కట్టిద్దామని కూలీల్ని తెచ్చాడు. గునపం పడిందో లేదో, ఊరంతా పరిగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు ముసలి భీముడు.

"ఒక్క రాయి కూడా తియ్యకు బాబూ! నీ కాళ్లట్టుకుంటాను."

"పాలరాయి పెట్టిస్తానంటున్నాను కదరా, వెర్రి సన్నాసీ!"

"ఎట్టు బాబూ. ఈటి మీదే ఎట్టు. బరువైందే ఎట్టు."

వరహాలరావు పొంగిపోయాడు. మండపం ఖర్చు కూడా కలిసొచ్చింది. పుస్తకావిష్కరణ ఆ కుప్ప ముందే పెట్టాడు. మంత్రిగారొచ్చారు, విలేకర్లొచ్చారు. ఈ సభ రక్తి కడితే అసెంబ్లీ టిక్కెట్టు తనకేనని మంత్రిగారు కార్లోనే మాటిచ్చారు.

వరహాలరావు మైకు తీసుకెళ్లి భీముడి నోటి దగ్గర పెట్టాడు.

"మా ముత్తాతగారంటే మీకు ఇన్ని తరాలుగా ఇంత భక్తి ఎందుకో, మంత్రిగారికి నీ నోటితోనే చెప్పరా."

భీముడు మైకునీ, మంత్రినీ, వరహాలరావునీ ఎగాదిగా చూశాడు.

"భక్తేటి బాబూ, ఆడు మళ్లీ లేచొచ్చి మా ఆడగుంటల మీద పడకుండా మా తాతల కాడ్నించీ బరువెడతన్నాం."