జెండా కర్ర

“నోరు మాత్రం తెరవద్దన్నా,” అన్నాడు దేవరాజ్, బండి దిగుతూ. “నా గొంతు బొమ్మనహళ్ళి అంతా ఎరిగిందే. నా మీద సాక్ష్యం చెప్పే మగోడు ఈడ పుట్టలేదు. నువ్వు పెద్దమనిషివి. నీ గొంతు లోపలుండే వాడు పోల్చుకున్నాడంటే, వాణ్ణి ప్రాణంతో ఇడిసేదానికి కాదు. నాకు అదొక అదనం పని.”

దామోదర్ తలూపాడు. ముక్కు మీదికి తువ్వాలు లాగి బిగించి కట్టుకున్నాడు.

చేతిలో కర్ర ఉంది. పొద్దున ఊరేగింపులో ముందు నడుస్తూ అతను మోసిన జెండా కర్రే. జెండాను మాత్రం విప్పి, నలగకుండా మడిచి, బండి సీటు మీద పెట్టి వచ్చాడు. దేశమంటే అంత భక్తి.

నిజానికి ఇంత దూరం రావాలని దామోదర్ అనుకోలేదు. కబురు మోసి ఊరుకుందామనుకున్నాడు. పోలీసులు వెతుకుతున్న రంజిత ఇక్కడ దాక్కుందన్న కబురు అది. ఆమె గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల. స్టేషనుకు తీసుకుపోయిన తన తోటి పిల్ల శవమై తిరిగొస్తే, ఎందుకు చచ్చిపోయిందని సర్కారును నిలదీస్తూ ఫోనులో వీడియో పెట్టింది. తెల్లారేసరికి దేశద్రోహి అయింది. ఆమెను దాచినవాడు స్టాన్లీ. గార్మెంట్స్ వెనక రేకుల షెడ్డులో కూలి ఆడవాళ్ళను పోగేసి ప్రార్థనలు చేసుకునే బక్కమనిషి.

ఉత్త కబురు చాలదన్నాడు దేవరాజ్.

“ఇన్నేండ్లుగా మా పక్కన కూర్చుంటావు, మెడలో దండ ఏయించుకుంటావు. చేతులకు మాత్రం మట్టి అంటనియ్యవు. ఒక దెబ్బ నువ్వూ ఏయల్లన్నా. అప్పుడే మావాళ్ళకు నమ్మకం.”

సర్జాపుర రోడ్డులో దామోదర్ తలపెట్టిన భవనం అనుమతి రాక పునాదుల్లోనే ఆగి ఉంది. ఈ సాయంత్రం అక్కడికి మంత్రిగారు వస్తున్నారు. దామోదర్ కర్ర అందుకున్నాడు.

షెడ్డు గుమ్మం దగ్గర, అలవాటు కొద్దీ, చెప్పులు విడిచాడు. దేవరాజ్ మనుషులు కిసుక్కుమన్నారు.

“ఏమన్నా, పెండ్లికొచ్చినావా?”

తలుపు ఒక్క తన్నుకే ఊడి పడింది. లోపల స్టాన్లీ ఒక్కడే ఉన్నాడు, డోలక్కు తాళ్ళు బిగించుకుంటూ. లేచేలోపే ఆ డోలక్కు అతని నెత్తి మీద పగిలింది.

“యాడ ఉండాది ఆ పిల్ల?”

“తెలీదు సార్.”

కుర్చీలు విరిగాయి. గోడ మీది శిలువ ఊడి ఆ కుర్చీల మధ్య పడింది. ఎవడో స్టాన్లీ చేతిని నేలకు అదిమి బూటు కాలితో తొక్కాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది.

“యాడ దాచినావురా?”

“తెలిసినా చెప్పను సార్. స్టేషనుకు పోతే అదీ తిరిగి రాదు.”

దేవరాజ్ పక్కకు జరిగి, దామోదర్‌కు దారి ఇచ్చాడు.

మనుషుల తల మీద చేయి వేయడం దామోదర్‌కు కొత్త కాదు. అయినా మొదటి దెబ్బకు గురి తప్పి, కర్ర భుజాన పడింది. తర్వాతది మోకాలి మీద. ఆ తర్వాత గురి కుదిరింది. చెరుకు నరికినట్టు కొట్టుకుంటూ పోయాడు.

“మా అయ్యగారికి ఫోన్ చేయండి సార్!” అని అరిచాడు స్టాన్లీ. “పెద్ద చర్చి అయ్యగారు! నన్నీ సేవలో పెట్టింది ఆయనే. నేను దేశద్రోహినో కాదో ఆయన్నే అడగండి!”

దేవరాజ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“మీ అయ్యగారా? ఆయప్ప మంత్రిగారి పక్కన నిలబడుకొని ఫోటో దిగుతాండాడు. నిన్నేడ కాపాడతాడప్పా?”

“అదంతా పైపైకి సార్. ఆయన మనసు నాకు తెలుసు. కన్నబిడ్డ లెక్క నన్ను...”

దామోదర్ కర్ర సూటిగా మూతి మీద పడింది. పళ్ళు రాలి మాట తెగిపోయింది. మాట తెగినా కర్ర ఆగలేదు. ఆఖరికి దేవరాజే వచ్చి చేయి పట్టుకోవాల్సి వచ్చింది.

“సాలన్నా, సాలు! సచ్చిపోతాడు. వీడు మొండోడు, చెప్పేవాడు కాదు. కాళ్ళిరిగినాయి, ఇంక యాడికీ పోలేడు. ఆ పిల్ల సంగతి పోలీసోళ్ళు చూసుకుంటారు. పా, నీకు మంత్రిగారి పని ఉండాది గదా.”

బతికిపోయాడు స్టాన్లీ. అందరూ గుమ్మం వైపు కదిలారు. దామోదర్ చెప్పుల్లో కాలు పెట్టాడు.

వెనక నుంచి సన్నగా గొంతు వినిపించింది. నేల మీద బోర్లా పడి, నెత్తురు మింగుతూ, స్టాన్లీ ప్రార్థన చేస్తున్నాడు.

“తండ్రీ, ఈ బిడ్డల చేతులకు మంచి పని చూపించు. ఇట్లాంటి పని ఇయ్యొద్దు. వీళ్ళ ఇండ్లల్లో పిల్లోళ్ళను సల్లంగా చూడు. యేసు నామంలో అడుగుతుండాను తండ్రీ.”

అక్కడితో ఆగాడు. ప్రార్థన ముగిశాక వినేవాళ్ళ నోట ఒక మాట రావాలి. ఆదివారాల్లో ఆ మాటను కుట్టుపని ఆడవాళ్ళు రేకులు అదిరేలా అనేవాళ్ళు. ఇవాళ అనేవాళ్ళు లేరు. ఆ చోటు అట్లాగే ఖాళీగా ఉండిపోయింది.

దామోదర్ నోరు దామోదర్‌ను అడగలేదు. ఏళ్ళ తరబడి నడిచి అరిగిన దారిలో తనంతట తానే వెళ్ళిపోయింది.

“ఆమేన్.”

దేవరాజ్ గిర్రున వెనక్కి తిరిగాడు. చేయి నడుం దగ్గరి కత్తి మీదికి పోయింది.

స్టాన్లీ మాత్రం ప్రాణం లేచొచ్చినట్టు తలెత్తి, నెత్తురు కమ్మిన కళ్ళతో ఆ గొంతు వైపు చేయి చాచి అన్నాడు: “వచ్చినారా, అయ్యగారూ!”