వీధి బుర్రలో వాటా

ఏమర్రా సోంబేరుల్లారా, ఆవలింతలు ఆపి వినండి!

ఆ వీధంతటికీ మబ్బులో, అంటే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో, అద్దెకి తీసుకున్న బుర్ర ఒక్కటే; ఇంటికో వాటా. ఇంటింటి పొయ్యిలూ, సింహాచలం భార్య ముత్యాలు చెవుడు పోగొట్టే యంత్రమూ దాని వాటాలతోనే నడిచేవి. ఎదురింటి కొండమ్మ పొయ్యి మొరాయిస్తే నవ్వుకుందామని, సింహాచలం ఆవిడ వాటాకి వీధిలో దోమల్ని లెక్కపెట్టే పని అంటించాడు.

తీరా చూస్తే కొండమ్మ కట్టెల పొయ్యి మీద పులుసు కాస్తోంది.

"ఏటొదినా, కట్టెలెట్టినావు?"

"మీ వాటా సాలడం లేదని నా వాటా ముత్యాలు సెవికి ఇచ్చీసినానయ్యా. నీకు సెప్పొద్దంది, సిన్నబుచ్చుకుంటావని."

సింహాచలానికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి పరిగెత్తి, "ముత్యాలూ, తప్పయిపోనాది!" అన్నాడు.

"నీ నోరాడతంది గానీ మాట ఇనబడ్డం లేదు," అంది ముత్యాలు. "సెవిలో ఎవుడో దోమలు లెక్కెడతన్నాడు!"