పదిహేడో మెట్టు

“మెట్ల మీద మళ్లీ అడుగుల చప్పుడు. నిన్న పదిహేను. ఇవాళ పదహారు...”

అత్తగారి మందులు కొనుక్కుని వార్డులోకి అడుగుపెట్టిన టైలరమ్మకి గుమ్మంలోనే ఈ మాటలు వినపడ్డాయి. అత్తగారిది ఏడో నంబరు మంచం. తను కిందికి వెళ్లేటప్పుడు ఖాళీగా ఉన్న ఎనిమిదో నంబరు మంచం మీద ఇప్పుడు పదకొండేళ్ల పాప, దుప్పటి మోకాళ్ల దాకా లాక్కుని కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద తల్లి, భుజాల చుట్టూ శాలువా కప్పుకుని, పైకి చదువుతోంది. పుస్తకం అట్ట మీద తలుపు సందులోంచి బయటికొచ్చిన ఎముకల చెయ్యి. మంచానికి వేలాడదీసిన పలక మీద సుద్దతో రాశారు: ‘ఆపరేషన్, పదకొండు గంటలకి’.

గోడ గడియారంలో పదిన్నర.

టైలరమ్మ ప్రాణం ఉసూరుమంది. పిల్లల వార్డులో చోటు లేక ఇక్కడ వేశారు కాబోలు అనుకుంది. మరుక్షణమే ఒళ్లు మండింది. కొలతలు తీస్తూనే సగం వీధికి సలహాలు చెప్పే నోరది, ఊరుకుంటుందా?

“ఏంటమ్మా ఇది! ఆపరేషన్ పెట్టుకుని దయ్యాల కథలా? దేవుడి పుస్తకం ఒక్కటీ దొరకలేదా?”

తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. “తనే పట్టుబట్టిందండీ,” అంది గొణుగుతున్నట్టు. “వాళ్ల స్కూలు లైబ్రరీది.”

“పన్నెండు కథలున్నాయి,” అంది పాప. “బస్సులో మూడయ్యాయి. ఇది నాలుగోది.”

“నీకు భయం వెయ్యట్లేదా తల్లీ?”

“వేస్తోందండీ. అందుకే ఇవి.”

“భయానికి భయమే మందా?”

“ఈ భయం పది పేజీల్లో అయిపోతుంది కదండీ! నవల అయితే ఎప్పటికి తెములుతుందో తెలీదు. కథలైతే ఒక దయ్యం వెళ్లగానే ఇంకోటి వస్తుంది. వేరేవేవీ ఆలోచించుకోడానికి టైముండదు.”

ఈ లెక్క టైలరమ్మకి బోధపడలేదు గానీ, ఆ చిన్న మొహం చూస్తే గుండె తరుక్కుపోయింది. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి తల్లికి అందించింది. తల్లి తల అడ్డంగా ఊపింది. కూతురు పస్తుంటే తల్లికి గుటక దిగుతుందా అనుకుని టైలరమ్మ ఆ కాఫీ తనే తాగేసింది.

“తోడు ఎవరూ రాలేదా అమ్మా?”

“మా తమ్ముడు మధ్యాహ్నం బండికి దిగుతాడండీ.” తల్లి ఒకసారి కూతురి వంక చూసింది. “మీరు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారా?”

“మా అత్తగారిని వదిలి ఎక్కడికి పోతాను? తుంటి విరిగింది గానీ, నోరు విరగలేదు ఆవిడకి.”

తల్లి గట్టిగా ఊపిరి వదిలింది.

“చదువమ్మా,” పాప తొందరపెట్టింది. “ఆపొద్దన్నానా?”

కథలో ఒకావిడ మేడమీది గదిలో ఒంటరిగా అద్దెకుంటుంది. రోజూ ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మొదటిరోజు ఒక మెట్టు, రెండోరోజు రెండు. అలా రోజుకో మెట్టు దగ్గరవుతోంది. చదువుతూ చదువుతూ తల్లి గొంతు వణికేది. వణికినప్పుడల్లా పాప గట్టిగా ఊఁ కొట్టేది.

టైలరమ్మ వద్దు వద్దనుకుంటూనే తన స్టూలు అటు జరుపుకుంది. హుక్కులు కుడదామని తెచ్చుకున్న జాకెట్టు ఒళ్లోనే ఉండిపోయింది. ‘ఇల్లు ఖాళీ చెయ్యవే పిచ్చిమొహమా’ అని కథలో ఆవిణ్ణి మనసులో నాలుగు తిట్టింది. తిడుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది కూడాను. దయ్యం వేరెవరి మేడ మీదో కదా!

“మొత్తం మెట్లెన్నన్నారూ?” అని ఏడో నంబరు మంచం మీంచి గొంతు వచ్చింది. పొద్దుట్నుంచి మాత్ర వేసుకోమంటే చెవుడు నటించిన అత్తగారు!

“పదిహేడండీ,” అంది పాప.

“అయితే రేపే వచ్చేస్తుందన్నమాట!” అత్తగారు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

నలుగురూ నవ్వారు. నవ్వుతూనే గడియారం వంక చూసిన తల్లి చప్పున ఆగిపోయింది. పదకొండుకి అయిదు నిమిషాలు. గబగబా అందుకుంది. “మర్నాడు చప్పుడు మొదలైంది. ఒకటి... రెండు...”

పాప వేళ్లు మడుస్తూ లెక్కపెడుతోంది. పద్నాలుగు. పదిహేను. పదహారు.

వార్డు తలుపు తెరుచుకుంది.

టైలరమ్మ ఉలిక్కిపడింది. సూది వేల్లో దిగింది. చూస్తే నర్సు. చేతిలో మడతపెట్టిన ఆకుపచ్చ గౌను, వెనకాల చక్రాల మంచం.

“టైమైందమ్మా,” అంది నర్సు.

పాప పుస్తకం అందుకుని పేజీ మూల మడిచింది. “మిగతాది తిరిగొచ్చాక.”

“అలాగే.”

“ఒట్టు?”

తల్లి పుస్తకం మీద చెయ్యి వేసింది. “ఒట్టు.”

టైలరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోవాలంటే చేతికి ఏదో పని కావాలి. నర్సు చేతిలోంచి గౌను అందుకుని, భుజాలు పట్టుకుని విప్పి చూసింది. మనిషిని చూసి కొలత చెప్పడంలో ఆమె అంచనా ఇరవయ్యేళ్లుగా తప్పలేదు.

“ఏంటి సిస్టర్ ఇది? ఇందులో ఈపాటి పిల్లలు ఇద్దరు పడతారు. ఒక్క నిమిషం ఆగండి, రెండు పక్కలా కుట్టేసి ఇస్తాను.”

నర్సు ఆమెని వింతగా చూసి గౌను వెనక్కి తీసుకుంది. “కొలత సరిగ్గానే ఉందండీ.”

పాప మంచం దిగింది.

శాలువా తీసేసి, గౌనులోకి తన చేతులు దూర్చింది తల్లి.