కమిలిన మచ్చలు

“ఇవి దెబ్బలు కాకపోతే ఏందే? నా బిడ్డ పోయిందని, దాని బిడ్డను గొడ్డును బాదినట్ల బాదుతావా?”

మనవరాలి లంగా మోకాళ్లపైకి ఎత్తిపట్టి ఓబమ్మ అరిచింది. నాగరత్న కాళ్లనిండా నల్లగా, నీలంగా కమిలిన మచ్చలు. రవిక జరిపి చూస్తే వీపు మీదా అవే.

మారుతల్లి రామాంజినమ్మ మూట కడతానే ఉంది. “నేను కొట్టలేదు పెద్దమ్మా. పిల్లను అనంతపురం పెద్దాసుపత్రికి పిల్చుకొని పోతాండా. అడ్డం లెయ్.”

“కిందపడిందని చెప్పి మందు పూయించుకోనొస్తావా? కంబదూరు ఊరంతా నీ మొగాన ఉమ్మేస్తాంది!”

“ఉమ్మేయనీ.”

పిల్ల ఒళ్లు పట్టుకుంటే కాలుతోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తిండి కూడా పెట్టడం లేదనుకుంది ఓబమ్మ.

“పద, నేనూ వస్తా. నీ బండారం డాక్టరు ముందరే బయటపెడతా.”

బస్సులో అవ్వ పక్కకు రాలేదు నాగరత్న. మారుతల్లి ఒడిలోనే తల పెట్టుకుంది. ఎంత భయపెట్టిందో పాపం అనుకుంది ఓబమ్మ.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల మెడ కింద తడిమినాడు, కడుపు నొక్కినాడు, చిగుళ్లు చూసినాడు. నెత్తురు పరీక్షకు పంపించినాడు.

“ఎట్ల బాదిందో చూడు సామీ!” అంటానే ఉంది ఓబమ్మ.

పరీక్ష చూసుకొని డాక్టరు మెల్లగా చెప్పినాడు. “అవ్వా, ఇవి దెబ్బలు కావు. రక్తంలో క్యాన్సర్ మాదిరి ఉంది. అందుకే ఏమీ తగలకుండానే ఒళ్లు కములుతోంది, జ్వరం వదలడం లేదు, చిగుళ్లలో నెత్తురొస్తోంది.”

ఓబమ్మ మనవరాలి లంగాను మోకాళ్ల కిందికి దించింది.

రామాంజినమ్మ డాక్టరు ముందరికి జరిగింది. “ఏం చేయల్ల సార్?”

“బెంగుళూరు పోవాలమ్మా. చాన్నాళ్లు మందులు వాడాలి. తొందరగా వచ్చినారు కాబట్టి పిల్ల బతుకుతుందని ఆశ ఉంది.”

“చీటీ రాయండి. ఇట్నుంచి ఇట్లే పోతాం.”

డాక్టరు రాస్తా రాస్తా తలెత్తినాడు. “ఆడుకుంటా పడిందిలే అనుకొని, పిల్లలు మంచం పట్టినాక తెస్తారు అందరూ. నీకెట్ల అనుమానం వచ్చిందమ్మా?”

రామాంజినమ్మ పిల్లను చంకనెత్తుకుంది.

“ఊరంతా నేనే కొట్టినానంటాండారు సార్. కొట్టలేదని నాకొక్కదానికే కదా తెలిసేది!”