ముఖం ఒక్కటే మిగిలింది

బొమ్మలో పన్నెండుమంది ఉన్నారు.

చేలో కోతకు దిగింది పదకొండుమందే.

యోస్ వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. కోతలకు పెద్ద వాడే. మనుషుల లెక్క వాడికి తప్పదు.

చెక్కపలక మీద గోధుమచేను, బేరిచెట్టు, చెట్టుకింద రొట్టెలు తింటున్న జనం. నోరు తెరుచుకుని నిద్రపోతున్న యోస్ కూడా ఉన్నాడు. అది వాడికి నచ్చలేదనుకోండి, అది వేరే సంగతి.

పన్నెండోది ఓ ఆడపిల్ల. నీలం పావడా, భుజాన పాలకుండ. ముఖం ఉండాల్సిన చోట ఒట్టి చెక్క.

"ఏమయ్యా, ఇదెవరు?"

గట్టు మీద కూర్చున్న చిత్రకారుడు తలెత్తలేదు. నాలుగు రోజులుగా అక్కడే కూర్చుంటున్నాడు. చేలో కాలు పెట్టడు. ఇచ్చినా రొట్టె ముట్టడు. బూట్ల నిండా సున్నం. ఎడమచేతికి చిటికెన వేలు లేదు.

"కనిపించినవాళ్ళనే వేస్తున్నాను," అన్నాడు.

"సున్నపుబట్టీలోంచి లేచొచ్చావు కదా, మాకు కనపడనివాళ్ళు కూడా కనపడతారు కాబోలు," అని వెక్కిరించాడు యోస్.

ఎవరూ నవ్వలేదు.

పాలజావ కుండ మోసుకొస్తున్న లీవిన, యోస్ వదిన, పలక చూసి ఆగిపోయింది. బొమ్మలో పిల్ల ఒక భుజం దించి, ఒక భుజం ఎత్తి కుండ మోసే తీరు ఆమెకు తెలుసు. అలా మోస్తే నడుం పట్టేస్తుందే అని వెయ్యిసార్లు తిట్టింది.

కూతురు బెట్కెన్. పోయిన వేసవి జ్వరాల్లో పోయింది.

అప్పుడు లీవిన కూడా అదే జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. పిల్లకు ముసుగేసి తీసుకుపోయారు. కడసారి చూపు దక్కలేదు.

ఈమధ్య ఆమెను ఇంకో దిగులు తినేస్తోంది. జడ గుర్తుంది, గొంతు గుర్తుంది, ముఖం మాత్రం గుర్తుకు రావడం లేదు. కన్నతల్లినై ఉండి ఎవరితో చెప్పుకోను అని సిగ్గుపడి లోపలే దాచుకుంది.

అందరూ కొడవళ్ళు అందుకున్నాక గట్టు దగ్గరికి వెళ్ళింది.

"మా పిల్లని నువ్వెలా ఎరుగుదువు నాయనా?"

"బాగా ఎరుగుదునమ్మా. పక్కపక్కనే ఉంటాం."

"బొమ్మలేసేవాళ్ళుండే గెంట్ పట్నంలోనా? అది ఊరు దాటి ఎరగదే. పైగా పోయి ఏడాదైంది."

"అమ్మ నా ముఖం మర్చిపోతోందని దానికి ఒకటే బెంగ. అందుకే వచ్చాను."

లీవిన పలకకేసి వంగింది.

"ముఖం ఒక్కటే మిగిలింది. మెల్లిగా ఇటు తిరుగుతోంది. రేపు మధ్యాహ్నానికి పూర్తవుతుంది," అన్నాడు, ఆమె భుజం మీదుగా బేరిచెట్టు వైపు చూస్తూ.

లీవిన కూడా తిరిగి చూసింది. ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నపు ఎండ, కోసేసిన చేను. కానీ చెట్టు పక్కన కోతకు మిగిలిన గోధుమ కొయ్యలు ఒక్కొక్కటే వంగుతున్నాయి, ఎవరో వాటి మీద నడుస్తున్నట్టు.

ఆమె పరుగున పోయి యోస్‌తో అంతా చెప్పింది.

"నీకేమన్నా మతిపోయిందా వదినా? చచ్చినవాళ్ళని చెక్కకు దిగ్గొడుతున్నాడు వాడు. ముఖం కూడా వేశాడంటే దానికి ఇక పైకి దారుండదు. నీ కూతురు దేవుడి దగ్గరుండాలా, ఆ చెక్కలో ఉండాలా?"

ఒక్క రోజు ఆగుదాం, ఒక్కసారి చూస్తాను అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మా వైపు ఓ ఆచారం ఉంది. కోతల ఆఖరి రోజున చేలో కాలుపెట్టిన పరాయివాణ్ణి గడ్డితాడుతో కట్టేస్తాం. అందరికీ బీరు పోయిస్తే నవ్వి విప్పేస్తాం. పోయించలేకపోతే సరిహద్దు కాలవ దాటిస్తాం. ఇక జన్మలో వాడు మా పొలాల వైపు రాకూడదు.

ఆ రోజే ఆఖరి రోజు.

"వాడు గట్టు దిగడే," అంది లీవిన.

"నువ్వు పిలువు వదినా. నువ్వు పిలిస్తే దిగుతాడు."

లీవిన బేరిచెట్టు కింద నిలబడి చెయ్యూపింది.

"రా నాయనా, కాస్త జావ తాగుదువుగాని."

అతని ముఖం విప్పారింది. పాపం, కన్నతల్లి పిలిచినట్టే లేచి వచ్చాడు.

నలుగురూ పట్టుకుని కట్టేశారు. అంత ఎండలోనూ ఆ చేతులు బావిలో రాళ్ళలా చల్లగా ఉన్నాయని కట్టినవాళ్ళు తరవాత చెప్పుకున్నారు.

"బీరు పోయిస్తావా?"

"నా దగ్గరేముందయ్యా."

పెనుగులాడలేదు. తిట్టలేదు. లీవిన వైపు మాత్రం చూశాడు.

"రేపటిదాకా ఆగాల్సిందమ్మా."

కాలవలోకి దించి అవతలికి తోశారు. అవతలి గట్టు ఎక్కడం మాత్రం ఎవరూ చూడలేదు.

పలకను తగలబెడదామన్నాడు యోస్. లీవిన ఇవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం దాన్ని గుడ్డలో చుట్టి చర్చికి తీసుకెళ్ళింది. ఫాదర్ చేత దీవించిన నీళ్ళు చల్లిస్తే పిల్లకు విడుదల దొరుకుతుందని ఆశ.

సమాధుల కాపరి గిలిస్ వాకిలి ఊడుస్తున్నాడు. గుడ్డ తీసి చూశాడు.

"ఎవరు వేశారమ్మా ఇది?"

"ఎవడో పరదేశి. బూట్ల నిండా సున్నం. ఎడమచేతికి చిటికెన వేలు లేదు."

గిలిస్ చీపురు గోడకు ఆనించాడు.

"పోయినేడు జ్వరాలప్పుడు రంగుల సంచితో దారిలో పడి చనిపోయిన ఓ పరదేశిని, వేరే గుంట తవ్వే ఓపిక లేక మీ బెట్కెన్ పక్కనే పడుకోబెట్టానమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ఆ నాలుగువేళ్ళ చేతి మీద సున్నం పోసింది నేనే."